నేల వయసు

కొంకణ తీరంలో, రత్నగిరి జిల్లా హర్నై ఊరి ఎదుట సముద్రంలో సువర్ణదుర్గం అనే కోట ఉంది. 1755లో ఈస్టిండియా కంపెనీ నౌకాధికారి విలియం జేమ్స్ ఆ కోటను తుళాజీ ఆంగ్రే చేతిలోంచి లాక్కున్నాడు. తరవాత దండిగా సంపాదించుకుని ఇంగ్లండు చేరాడు. లండన్‌కు ఆగ్నేయాన ఎల్తమ్‌లో స్థిరపడి 1783లో కన్నుమూశాడు. మరుసటేడు ఆయన భార్య దగ్గర్లోని షూటర్స్ హిల్ గుట్ట మీద భర్త గుర్తుగా మూడు మూలల ఇటుక బురుజు ఒకటి కట్టించింది. దాన్ని సెవెర్న్‌డ్రూగ్ కాసిల్ అంటారు. కొంకణంలో గెలిచిన కోట పేరే, ఇంగ్లీషు నోట్లో పడి నలిగింది.

బురుజు ఎక్కితే లండన్ చాలామట్టుకు కనిపిస్తుంది. జనం వెళ్లేది అందుకే. దిగి వచ్చాక, గుట్ట దక్షిణపు వాలులో పరుచుకున్న చెట్ల మధ్య కాసేపు తిరిగి, అక్కడున్న కెఫేలో టీ తాగి ఇంటికి పోతారు. నిజానికి ఆ చెట్లు నిలబడ్డ నేల ముందు బురుజు నిన్న మొన్నటిది. ఆక్స్‌లీస్, జాక్, కాసిల్, షెపర్డ్‌లీస్ అని వేర్వేరు పేర్లున్న ఈ అడవి ముక్కలు పక్కపక్కనే ఉంటాయి. వీటిలో చట్టరీత్యా శాస్త్ర ప్రాముఖ్యం ఉన్న స్థలంగా గుర్తించింది సుమారు 73 హెక్టార్లు, మన లెక్కలో 180 ఎకరాలు. ఉత్తరాన వూలిచ్, తూర్పున వెల్లింగ్, దక్షిణాన ఎల్తమ్. ఇళ్ల పెరటి గోడలు కొన్నిచోట్ల అడవి అంచుకే ఆనుకుని ఉంటాయి.

ప్రాచీన అడవి అన్న మాట విని వెళ్లిన మనవాళ్లు నిరాశపడితే తప్పు పట్టలేం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినో, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానునో చూసిన కళ్లకు ఇక్కడి చెట్లు ఆనవు. ఓక్ చెట్లు కొన్ని బాగానే ఎదిగి ఉంటాయి. మిగతావి హార్న్‌బీమ్, హేజెల్, బర్చ్, చెస్ట్‌నట్. చాలావాటికి ఒకే మొదలు నుంచి నాలుగైదు సన్నపాటి కాండాలు పైకి లేచి ఉంటాయి. ఎప్పుడో నరికితే మళ్లీ చిగిర్చాయని చూడగానే తెలిసిపోతుంది. నరికిన అడవిని పట్టుకుని ప్రాచీనం అంటారేమిటి?

జవాబు చెట్లలో దొరకదు. బ్రిటన్‌లో వృక్ష శాస్త్రజ్ఞులు ప్రాచీన అడవి అన్నప్పుడు చెట్టు వయసు చూడరు, ఆ నేల మీద అడవి తెగకుండా ఎన్నాళ్లుగా ఉందో చూస్తారు. ఇంగ్లండులో, వేల్స్‌లో అందుకు గీసుకున్న గీత క్రీ.శ. 1600. స్కాట్లండుకు 1750. 1600 నాటికే అక్కడ అడవి ఉండి, అప్పటినుంచి ఆ నేల నాగలి కిందికో ఇళ్ల కిందికో పోకుండా ఉంటే అది ప్రాచీనం. ఆ ఏడాదే ఎందుకు? పనిగట్టుకుని అడవులు నాటే అలవాటు ఇంగ్లండులో అంతకు ముందు పెద్దగా లేదు. కాబట్టి 1600లో ఉన్న అడవి ఎవరో నాటింది కాకుండా తనంత తాను పుట్టిందే అయి ఉండే అవకాశం ఎక్కువ. పైగా నమ్మదగ్గ భూపటాలు దొరికేది కూడా దాదాపు ఆ కాలం నుంచే. గీత కొంత సౌకర్యం కోసం గీసుకున్నదే, దాచాల్సిందేమీ లేదు. 1590లో పుట్టిన అడవికీ 1610లో పుట్టిన అడవికీ ప్రకృతి తేడా చూపించదు.

ఈ ఆలోచనను నలుగురికీ తెలిసేలా చేసినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు జార్జ్ పీటర్‌కెన్. లింకన్‌షైర్‌లో పాత అడవులనూ కొత్త అడవులనూ పక్కపక్కన పెట్టి ఏ మొక్క ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో లెక్కలు తీశారు. రెండోవారు కేంబ్రిడ్జ్‌కి చెందిన ఆలివర్ రాకమ్, 1939లో పుట్టి 2015లో పోయారు. రాకమ్ ఒక చేత్తో మధ్యయుగపు జమాబందీ కాగితాలు, ఇంకో చేత్తో మొక్కల జాబితా పట్టుకుని అడవుల్లో తిరిగిన మనిషి. 1980లో వచ్చిన ఆయన పెద్ద పుస్తకం ఈ రంగానికి పునాది. 1981లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ ప్రాచీన అడవుల జాబితా తయారీ మొదలుపెట్టింది. రెండు హెక్టార్ల కంటే చిన్నవాటిని అప్పుడు వదిలేశారు. బ్రిటన్ మొత్తం నేలలో ప్రాచీన అడవి ఇప్పుడు దాదాపు రెండున్నర శాతం.

రాకమ్ చెప్పిన వాటిలో మొదట వినగానే మింగుడుపడని విషయం ఒకటుంది. చెట్లు నరికితే అడవి పోదు. ఆకురాల్చే ఇంగ్లండు చెట్లలో చాలావాటికి మొదలంటా నరికినా మళ్లీ చిగిర్చే గుణం ఉంది. ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో జామాయిల్ వేసిన రైతుకు ఇది కొత్త కాదు. కోత అయ్యాక అదే మోడు చిగురేసి నాలుగేళ్లలో మళ్లీ కోతకు వస్తుంది. ఇంగ్లండులో హేజెల్‌ను ఏడెనిమిదేళ్లకోసారి, హార్న్‌బీమ్‌ను పదిహేను, ఇరవై ఏళ్లకోసారి ఇలాగే నరికేవారు. ఈ పద్ధతిని కాపిస్ అంటారు. సన్న కర్ర పొయ్యికి, తడికెలకు, పనిముట్ల పిడులకు పోయేది. మధ్య మధ్యలో ఓక్ చెట్లను మాత్రం దూలాల కోసం, ఓడల కోసం ఎదగనిచ్చేవారు. ఆక్స్‌లీస్‌కు ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలోనే 1512లో ఎనిమిదో హెన్రీ వూలిచ్ నౌకా కర్మాగారం పెట్టించాడు, కాబట్టి ఓక్ విలువ ఈ చుట్టుపక్కల వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అలా నరికే మోడు ప్రతి కోతకూ కాస్త వెడల్పవుతూ, నడుమ పుచ్చిపోయి అంచుల్లో బతుకుతూ పోతుంది. సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ అడవుల్లో ఒక యాష్ చెట్టు మోడు అయిదున్నర మీటర్ల వెడల్పుంది. దాని వయసు వెయ్యేళ్లదాకా ఉంటుందని అంచనా. నరక్కుండా వదిలేసిన యాష్ చెట్టు రెండు మూడు వందల ఏళ్లకు మించి బతకడం అరుదు. గొడ్డలి దాని ఆయుష్షు పెంచింది. అడవికీ అదే లెక్క. కర్రకు ధర ఉన్నంతకాలం యజమాని అడవి చుట్టూ కట్ట పోసి, బయటివైపు కందకం తవ్వి, పశువులు చొరబడి లేత చిగుళ్లు మేయకుండా కాపాడుకున్నాడు. ఇంగ్లండు పాత అడవుల అంచుల్లో ఆ మట్టికట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. కందకం బయటకు, కట్ట లోపలకు ఉంటే పశువులను ఆపడానికి కట్టిందన్నమాట. తిన్నగా కాకుండా వంకర్లు తిరుగుతూ పోతే ఇంకా పాతది. సర్వేయరు గొలుసు రాకముందు నడిచిన హద్దు అది. అడవిని మాయం చేసేది నాగలి, మేకలు, ఆ తరవాత సిమెంటు. గొడ్డలి మీద మోపే నిందల్లో సగానికి ఇవే జవాబుదారీ. మన అటవీ వ్యాసాలు రాసేవాళ్లు దీన్ని కొంచెం పట్టించుకోవాలని నాకు అనిపిస్తుంది.

నేలలో ఏముందో చూడాలంటే మార్చి ఆఖర్లో వెళ్లాలి. చెట్లకు ఆకు ఇంకా విప్పదు. కింద ఎండుటాకుల్లోంచి జానెడు ఎత్తున తెల్లపూలు, చీలికలైన ఆకుల మీద ఒక్కో కాడకు ఒక్కో పువ్వు చొప్పున, గుంపులు గుంపులుగా లేస్తాయి. అది వుడ్ అనిమోనీ. సాధారణంగా ఆరు, ఒక్కోసారి ఏడు రేకులు. వెలుపలి వైపు లేత గులాబీ చాయ ఉంటుంది. ఎండ కాస్తే పూర్తిగా విచ్చుకుంటుంది, మబ్బు పట్టినా సాయంత్రమైనా ముడుచుకుని తల వంచేస్తుంది. ఒక మడి పువ్వులన్నీ ఒకేసారి విప్పుకోవడం, ఒకేసారి మూసుకోవడం కనిపిస్తే ఆ మడి అంతా ఒకే మొక్క కావచ్చు. ఎందుకంటే బ్రిటన్‌లో దాని విత్తనం మొలకెత్తేది బహు తక్కువ. అది పాకేది నేలలో వేలెడు లోతున అడ్డంగా పెరిగే పుల్లలాంటి దుంపతో. ఆ పాకుడు వేగం వందేళ్లకు ఆరడుగులని ఎక్కువగా వినిపించే లెక్క. 1600 నుంచి నేటిదాకా ఆ మొక్క నడిచిన దూరం పాతిక అడుగులన్నమాట. అరవై అడుగుల రోడ్డు అడ్డొస్తే దాన్ని దాటేంత దూరానికి వెయ్యేళ్లు కావాలి, తారు కింద దుంప బతుకుతుందనుకుంటే!

దాని వెనకే ఏప్రిల్‌లో బ్లూబెల్ వస్తుంది. గింజ పడ్డాక పూత పూయడానికి అయిదారేళ్లు పడుతుంది. ప్రపంచంలోని ఈ జాతి బ్లూబెల్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉందంటారు. ఏప్రిల్ దాటి పైన ఓక్, హార్న్‌బీమ్ ఆకులు కమ్ముకుంటే నేల మీద వెలుతురు పడిపోతుంది. అందుకే ఈ మొక్కలన్నిటికీ తొందర. దుంపలో నిలవ చేసుకున్న పిండితో ఆకు వేసి, పువ్వు పూసి, మళ్లీ పిండి నింపుకుని, జూన్‌కల్లా నేలలోకి సర్దుకుంటాయి. నల్లమలలోనూ ఇలాంటి గడ్డలున్నాయి. నక్క ఉల్లి వేసవిలో ఆకు లేకుండానే పూస్తుంది, నాభి మొదటి వానలకు నేలలోంచి లేస్తుంది. కానీ మన గడ్డ ఎదురుచూసేది నీటి కోసం. మన అడవిలో ఆకు రాలేది కూడా నీరు చాలకే. అక్కడి గడ్డకు నీటికి లోటు లేదు, వెలుతురుకే కరువు. కాపిస్ కోసం ఒక మడి నరికిన మరుసటి రెండు మూడు వసంతాల్లో ఆ మడి పూలతో నిండిపోవడం అందుకే. నేలలో ఏళ్ల తరబడి నిద్రపోయిన గింజలు సైతం ఆ వెలుతురుకు మేలుకుంటాయి. పదేళ్లకు మళ్లీ నీడ కమ్ముతుంది, పక్క మడి నరుకుతారు. పూలు, సీతాకోకచిలుకలు ఆ వంతుల వెంట అడవి లోపలే తిరుగుతూ వచ్చాయి. బొగ్గు, రైళ్లు వచ్చి కర్రకు గిరాకీ పడిపోయాక ఆ వంతులు ఆగాయి. ఇప్పుడు చాలా పాత అడవుల్లో సమస్య నీడ ఎక్కువవడమే.

ఆక్స్‌లీస్‌కు ఇంకో గొప్ప ఉంది. వైల్డ్ సర్వీస్ అనే చెట్టు ఇక్కడ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉంది. బ్రిటన్‌లో ఇప్పుడు అంత తేలిగ్గా కనిపించని చెట్టిది. ఆకు చూసి చాలామంది మేపుల్ అనుకుంటారు. అరచేయంత ఆకు, కోసుగా చీలిన లోబులు, అడుగున ఉండే జంట మాత్రం పక్కలకు చాపిన చేతుల్లా నిలువు కాడకు అడ్డంగా ఉంటుంది. మేపుల్ ఆకులు కాడకు ఎదురెదురుగా పుడితే దీనివి ఒకటి విడిచి ఒకటి పుడతాయి, గుర్తు పట్టడానికి అదొక్కటి చాలు. మే నెలలో తెల్లటి పూగుత్తులు. శరదృతువులో రేగుపండు కంటే చిన్న కాయలు, గోధుమ రంగు తోలు మీద లేత చుక్కలు. చెట్టు మీంచి కోసి కొరికితే ఒగరుకు నోరు ముడుచుకుపోతుంది. మంచు పడేదాకా ఆగాలి, లేదా గుత్తి కోసి ఇంట్లో మాగేయాలి. తోలు నల్లబడి, లోపలంతా మెత్తబడి, కుళ్లిందేమో అనిపించేదాకా మాగితే ఖర్జూరం రుచి వస్తుంది. చక్కెర దొరకని కాలంలో కెంట్, ససెక్స్ పల్లెల్లో పిల్లలు దీనికోసం ఎగబడేవారు. పాత వైద్యంలో కడుపునొప్పికి వాడేవారు, లాటిన్ పేరులో ఆ గుర్తు ఇప్పటికీ ఉంది.

ఈ చెట్టు గింజ మొలిచి చెట్టుగా నిలిచేది బ్రిటన్‌లో అరుదు. ఎక్కువగా వేరు నుంచి పిలకలేసి పాకుతుంది. తల్లిచెట్టు చచ్చినా పిలక నిలుస్తుంది, కానీ పక్క ఊరికి పోలేదు. ఇలా నెమ్మదిగా కదిలే మొక్కలు పది పన్నెండు ఒకేచోట కనిపిస్తే ఆ నేలలో అడవి తెగలేదని నమ్మవచ్చు. పీటర్‌కెన్, రాకమ్ వంటివారు ఇలాంటి సాక్షి మొక్కల పట్టికలు తయారుచేశారు. ఒక్క మొక్కను నమ్మరు. ఎవరో పెరట్లోంచి తెచ్చి నాటి ఉండొచ్చు, ప్రాంతాన్ని బట్టి మొక్కల నడత కూడా మారుతుంది. పది మొక్కలు, మట్టికట్ట, పాత పటం, దస్తావేజు – అన్నీ ఒకే మాట చెబితే అప్పుడు నమ్ముతారు. ఆక్స్‌లీస్ గురించి ఎనిమిది వేల ఏళ్ల అడవి అని తరచూ రాస్తుంటారు. మంచుయుగం ముగిసి, బర్చ్, పైన్ వచ్చి, వాటి వెనక హేజెల్, ఓక్ వచ్చి, సముద్రం పెరిగి బ్రిటన్ యూరప్ నుంచి విడిపోయిన కాలం అది. ఆనాటి అడవి వంశమే ఇదని చెప్పడం నాకు అభ్యంతరం కాదు. ఎనిమిది వేలు అన్న అంకెను మాత్రం పుట్టినతేదీలా పట్టుకోకూడదు. ఈ అడవిని కాపాడటానికి అంత పెద్ద అంకె అవసరం కూడా లేదు. నాలుగు వందల ఏళ్లు తెగకుండా ఉందన్నది చాలు.

ఎందుకు చాలో తెలియాలంటే ఫ్రాన్స్ వెళ్లాలి. మధ్య ఫ్రాన్స్‌లో త్రోన్సే అనే పెద్ద ఓక్ అడవి ఉంది. దానిలో అక్కడక్కడా రోమన్ల కాలపు పల్లెల శిథిలాలు దొరికాయి. ఆ పల్లెలు పాడుబడి పదిహేను వందల ఏళ్ల పైమాట. ఎత్తయిన ఓక్ చెట్ల కింద పైకి ఏ తేడా కనిపించదు. ఎతియెన్ దాంబ్రిన్ బృందం శిథిలాల నుంచి దూరం కొలుచుకుంటూ మట్టినీ మొక్కలనూ పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శిథిలాలు దగ్గరయ్యేకొద్దీ మట్టిలో భాస్వరం పెరిగింది, ఆమ్లగుణం తగ్గింది, నత్రజని కోరే మొక్కలు ఎక్కువయ్యాయి. రోమన్ రైతు వేసిన పేడ ఎరువు ఇప్పటికీ అక్కడ ఏ మొక్క మొలవాలో నిర్ణయిస్తోంది. శిథిలాల దగ్గర మొక్క జాతుల సంఖ్య పెరిగిందన్న మాట కూడా చెప్పాలి. ఎక్కువ జాతులుంటే మంచి అడవి అనుకునేవారికి ఇది కాస్త ఇబ్బంది పెట్టే ఫలితం. ఒకసారి దున్ని ఎరువేసిన నేల, తిరిగి అడవి కమ్మినా, పాత అడవి నేల కాలేదన్నదే అసలు సంగతి. నత్రజని, భాస్వరం పెరిగిన చోట దురదగొండి, బ్రాంబుల్ ముళ్లపొద విజృంభించి, నిదానంగా పాకే అనిమోనీని కప్పేస్తాయి.

కేంబ్రిడ్జ్‌షైర్‌లో దీనికి అటువైపు కథ ఉంది. మంక్స్ వుడ్ అనే పాత అడవిని ఆనుకుని ఉన్న నాలుగు హెక్టార్ల బార్లీ పొలాన్ని 1961లో వదిలేశారు, ఏమీ నాటలేదు. జే అనే పక్షి ఓక్ కాయలు తెచ్చి నేలలో దాచి మరిచిపోతుంది, ముళ్లపొదలు వాటి మొలకలను కుందేళ్ల నుంచి, జింకల నుంచి కాపాడాయి. అరవై ఏళ్లలో అక్కడ ఓక్ అడవి నిలబడింది. చెట్లకు మన సాయం కూడా అక్కర్లేదు. అడవి కింది అంతస్తుకే కాలం కావాలి. వేరు శిలీంధ్రాల సంగతి కూడా ఇక్కడ వస్తుంది. చెట్లు శిలీంధ్రపు దారాల గుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయనీ, తల్లిచెట్టు పిల్లచెట్టుకు పాలిచ్చినట్టు చక్కెర ఇస్తుందనీ ఈమధ్య బాగా ప్రచారమైంది. 2023లో జస్టిన్ కార్స్ట్, మరో ఇద్దరు ఆ పరిశోధనలన్నీ తిరగేసి, నిజమైన అడవిలో దానికి దొరికిన సాక్ష్యం ప్రచారం స్థాయిలో లేదని తేల్చారు. వేళ్లకూ శిలీంధ్రాలకూ ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం నిక్కమే. పాత నేలలో ఆ శిలీంధ్రాలు, మట్టి పురుగులు కుదురుకుని ఉంటాయి. దానికి కబుర్లు జోడించక్కర్లేదు.

ఈ శాస్త్రమంతా ఆక్స్‌లీస్‌లో ఒకసారి నడివీధిన పడింది. థేమ్స్ నది మీద తూర్పు లండన్‌లో కొత్త వంతెన కట్టి, దాని రోడ్డును దక్షిణాన ఏ2 రహదారికి కలపాలని 1980లలో పథకం వేశారు. ఆ రోడ్డు తిన్నగా ఈ అడవిలోంచి పోతుంది. బహిరంగ విచారణ సుదీర్ఘంగా జరిగింది, ప్రభుత్వం సరేనంది. జనం వాడుకునే ఖాళీ స్థలం తీసుకుంటే బదులుగా వేరే స్థలం చూపించాలని అక్కడి చట్టం. ఎకరానికి ఎకరం, చెట్టుకు చెట్టు. పార్కుకైతే సరిపోయే లెక్కే. వందేళ్లకు ఆరడుగులు నడిచే మొక్కను పక్క పొలంలోకి పిలిస్తే వస్తుందా? స్థానికులు కోర్టుకెక్కారు, బుల్డోజరు వస్తే అడ్డంగా నిలబడతామని ప్రతిజ్ఞ పత్రాల మీద సంతకాలు పెట్టారు. యూరప్ సమాజం పర్యావరణ కమిషనర్ కార్లో రీపా ది మెయానా 1991లో, పర్యావరణ ప్రభావ అంచనా నియమాలు పాటించలేదంటూ బ్రిటన్ ప్రభుత్వానికి అభ్యంతరం పంపారు. ఆయన అభ్యంతరం చెప్పిన పథకాల్లోనే ఉన్న ట్వైఫర్డ్ డౌన్ అనే సుద్దగుట్టను మోటార్‌వే కోసం నరికేశారు. ఆక్స్‌లీస్ మాత్రం బతికింది. 1993 జులైలో ప్రభుత్వం ఆ రోడ్డు పథకం వదులుకుంది. పరిశోధనల బలం కంటే ఎన్నికల లెక్క, ట్వైఫర్డ్ డౌన్‌లో పడిన చెడ్డపేరు ఎక్కువ పని చేసి ఉంటాయని నా అనుమానం.

2018 నుంచి ఇంగ్లండు ప్రణాళికా విధానంలో ప్రాచీన అడవిని తిరిగి సంపాదించలేని ఆవాసం అని స్పష్టంగా రాశారు. అసాధారణ కారణం ఉంటే తప్ప అనుమతి ఇవ్వకూడదు. ఆ అసాధారణ కారణం హెచ్ఎస్2 అనే వేగ రైలు మార్గానికి దొరికింది. వార్విక్‌షైర్‌లోని సౌత్ కబింగ్టన్ అడవిలో దారి పడిన భాగం నుంచి 2020లో మట్టిని, మోడులను తవ్వి లారీల్లో తీసుకెళ్లి వేరే పొలంలో పరిచారు. కొన్ని మొక్కలు బతుకుతాయి. పొరలు పొరలుగా ఉన్న మట్టిని తిరగేసి పోస్తే పొరలు మాత్రం రావు. దాన్ని మార్పిడి అనకుండా సామాను కొంత కాపాడుకోవడం అంటే నిజాయితీగా ఉంటుంది.

రోడ్డు తప్పినా ఊరి అంచున ఉన్నందుకు కట్టాల్సిన సుంకం రోజూ కడుతూనే ఉంది ఇలాంటి అడవి. పెరళ్లలో ఎక్కువైన మొక్కలను తెచ్చి అంచున పారేస్తారు. చెర్రీ లారెల్ అలా చొరబడి ఏడాది పొడవునా నీడ పరుస్తుంది, స్పానిష్ బ్లూబెల్ వచ్చి దేశవాళీ దాంతో సంకరమవుతుంది. బ్లూబెల్ ఆకు తొక్కితే ఆ ఏడాదికి దుంప నిండదు. ఫోటో కోసం దారి దిగి నడిచే పది మంది చాలు, ఒక మడి చిక్కిపోవడానికి. కుక్కల సంగతి ఇంకా విచిత్రం. బెల్జియంలో గెంట్ నగరం అంచునున్న రక్షిత అడవుల్లో కుక్కల రాకపోకలు లెక్కపెట్టి, అవి వదిలే మలమూత్రాల వల్ల ఏటా హెక్టారుకు 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం చేరుతున్నాయని 2022లో అంచనా కట్టారు. రోమన్ రైతు పేడ పదిహేను వందల ఏళ్లు నిలిచిందని గుర్తుంటే ఇది నవ్వులాట కాదు. యజమానులు మలం ఎత్తి తీసుకుపోతే భాస్వరం 97 శాతం తగ్గుతుంది. నత్రజని మాత్రం 56 శాతమే, మిగతాది మూత్రంలో పోతుంది కనక.

చప్పుడు చేస్తూ వచ్చిన అతిథి మనకు బాగా తెలిసినదే. రామచిలుక. పంజరాల నుంచి తప్పించుకున్నవి లండన్ చుట్టుపక్కల 1969 ప్రాంతం నుంచి గూళ్లు పెడుతున్నాయి. ఆగ్నేయ లండన్‌లో ఇప్పుడు కాకంత మామూలు. బ్రిటన్ చిలుకల డీఎన్‌ఏ పరీక్షిస్తే ఎక్కువభాగం మన ఉపఖండం ఉత్తర ప్రాంతాలదని తేలింది. జిమీ హెండ్రిక్స్ ఒక జంటను వదిలాడన్న కథ భలే పాకింది. 2019లో లండన్ పరిశోధకులు చిలుకలు కనిపించిన చోట్ల పటాలు విశ్లేషించి, ఆ కథకు ఆధారం లేదన్నారు. చిలుక ముందుగానే, చలి తగ్గకముందే చెట్టు తొర్ర ఆక్రమిస్తుంది. దానివల్ల నట్‌హాచ్ పిట్టకు చోటు తగ్గుతోందని బెల్జియంలో తేలింది, బ్రిటన్ లెక్కల్లో మాత్రం అంత ప్రభావం కనిపించలేదు. పాత మొక్కలకు చిలుక కంటే కుక్క ఎక్కువ ప్రమాదమని నేననుకుంటాను. చిలుకకు రంగు ఉంది, అరుపు ఉంది కనక పేపర్లో పడుతుంది.

శరదృతువు పోయి చలికాలం వచ్చాక ఇలాంటి అడవుల్లో స్వచ్ఛంద కార్యకర్తలు చేసే పనుల్లో రెండు ముఖ్యం. ఒకటి, ఒక్కో మడిలో హేజెల్, హార్న్‌బీమ్‌లను మళ్లీ మొదలంటా నరకడం, లారెల్ పెకలించడం. రెండోది, కూలిన దుంగలను అక్కడే వదిలేయడం. ఆ దుంగల కింద స్టాగ్ పురుగు పెరుగుతుంది. మగదానికి దవడలు కొమ్ముల్లా ముందుకు వచ్చి మొత్తం ఏడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆగ్నేయ లండన్ బ్రిటన్‌లో దాని ముఖ్య స్థావరాల్లో ఒకటి. కుళ్లిన కట్టె తింటూ దాని పిల్లపురుగు నేలలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. రెక్కలొచ్చాక బతికేది కొన్ని వారాలు. జూన్ సాయంత్రాల్లో రోడ్డు దీపాల వైపు గుంయ్‌మంటూ ఎగిరి వచ్చి ఎల్తమ్ ఇళ్ల గోడలకు కొట్టుకునేవి ఇవే. 2012 నుంచి యాష్ చెట్లను చంపుతున్న శిలీంధ్రపు తెగులు బ్రిటన్ అంతటా పాకింది. ఆ చచ్చిన చెట్లలో దారి మీద పడే ప్రమాదం ఉన్నవాటిని నరుకుతారు. లోపలివి నిలబడినచోటే పుచ్చిపోనిస్తారు, వాటి కట్టె ఏళ్ల తరబడి ఇలాంటి పురుగులకు తిండి అవుతుంది.